క్యాసెట్ రెండో వైపు

నేను ఒక టేప్‌రికార్డర్‌ని. చీరాలలో ఓ టీకొట్టులో మూడేళ్లు సినిమా పాటలు పాడి పాడి గొంతు అరిగాక, ఇస్త్రీ బండి అంకమ్మ చేతికొచ్చాను. ఆవిడకు చదువు రాదు. "ఆ పెద్ద పుస్తకాల్లో ఏముందో నువ్వైనా చెప్పవే తల్లీ" అంటూ నాలో భగవద్గీత క్యాసెట్ పెట్టింది. వేదాల చివర ఉపనిషత్తులు, వాటి సారమే గీత అని మొదట్లోనే ఒకాయన చెప్తాడు. అంకమ్మ దానికే దణ్ణం పెట్టేసింది.

రెండు సేనల మధ్య అర్జునుడు విల్లు పారేసి రథంలో కూలబడ్డాడు. నావాళ్లను నేనెలా చంపేదన్నాడు. పోయేది ఒళ్లేగాని ఆత్మ కాదు, అది చిరిగిన బట్ట విడిచి కొత్తది కట్టుకోవడంలాంటిదని కృష్ణుడు చెబుతుంటే అంకమ్మ పకపకా నవ్వింది. "ఓరి నాయనో, బట్టల సంగతి మనకు చెప్పాలా!" పని నీది, ఫలితం నీ చేతిలో లేదన్నప్పుడు మాత్రం నవ్వలేదు. ఆ ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నది.

నాలుగో రోజు ఎదురింటి శేషారత్నం మేడమీద నుంచి కేకేసింది.

"ఎవరు పోయారే అంకమ్మా? మా అమ్మాయికి పెళ్లిచూపులు పెట్టుకుంటే పొద్దున్నే ఆ చావుపాటేంటి?"

"మంచి మాటలేనమ్మగారూ..."

"మంచివైతే శవం దగ్గరెందుకు పెడతారు? కట్టెయ్!"

ఆ వీధి బట్టలన్నీ శేషారత్నం మాట మీదే బండికి వచ్చేవి. అంకమ్మ మీట నొక్కేసింది. క్యాసెట్ రెండో వైపు తిప్పనేలేదు. తర్వాత పదకొండేళ్లు నాచేత అన్నీ పాడించింది, అదొక్కటి తప్ప. అప్పుడప్పుడు నా మీద దుమ్ము తుడుస్తూ, "ఇంతకీ ఆ అర్జునుడు లేచాడంటావా?" అని అడిగేది. రెండు వైపులూ ఒకే టేపు మీదే కదా, నాకు తెలుసు. కానీ ఎవరో మీట నొక్కితేగాని నోరు పెగలని బతుకు నాది, ఛీ! ఆ బాధ నన్నిప్పటికీ తినేస్తోంది.

మొన్న గుండెనొప్పితో అంకమ్మ పోయింది. అందరికంటే ముందు శేషారత్నమే వచ్చింది, కళ్లొత్తుకుంటూ.

"వీరాస్వామీ, గీత పెట్టవయ్యా. నీ పెళ్లానికి పుణ్యం. కాస్త సౌండు పెంచు."

వీరాస్వామి నన్ను ఆమె తలాపున పెట్టాడు. ఒక వైపు అయిపోయింది. రెండో వైపు తిప్పాడు. చిట్టచివర అర్జునుడు నా అనుమానాలు తీరాయన్నాడు, నువ్వు చెప్పినట్టే చేస్తానన్నాడు, లేచాడు. లేచాడమ్మా అంకమ్మా, లేచాడు! ఉన్న గొంతంతా పెట్టి చెప్పాను. అప్పటికే ఆమె చెవుల్లో దూది పెట్టేశారు.