సోములమ్మ మాట ఏ ఇంటిది

యుద్ధం ముగిసిన ఏడు వచ్చిన విషజ్వరం సోములమ్మ వాళ్లందరినీ ఊడ్చుకుపోయింది. పెదబయలు పక్క కొండమీద ఆమె మాట్లాడే గదబ భాష ఇంకెవరికీ రాదు. కోళ్లతోనే మాట్లాడుకునేది. అందుకే వరహాలరావు మేష్టారు కొండభాషల్లో ఏది దేనికి తోబుట్టువో తేల్చడానికి విజయనగరం నుంచి వచ్చి, నీళ్లనేమంటావు, నిప్పునేమంటావు అని అడుగుతుంటే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

అవతలి కొండకు పెద్దయిన సుక్రు వాళ్ల భాషకూ ఆమె మాటకూ పోలికలున్నాయి. చైత్ర పండగనాడు బలికోడి వండిన కుండలో ఒక ఇంటివాళ్లే తినాలి. "మనది ఒకే ఇల్లని మేస్టారు తేలిస్తే, వచ్చి మా కుండలో తిను అప్పా" అన్నాడు సుక్రు. అక్కను పిలిచినట్టు పిలిచిన ఆ 'అప్పా' మీదే ఆమె ఆశంతా.

ఈ సంగతి మేష్టారికి ఎవరూ చెప్పలేదు. చదువుకున్నవాళ్లకు అన్నీ తెలుసనుకోవడం కొండమీద అలవాటు.

ఒక పొద్దున సుక్రు ఎదుటే ఆయన సంబరంగా చెప్పేశారు. "మీ ఇద్దరికీ కలిసిన మాటలన్నీ పాతవి, ఈ భాషలన్నిటికీ తల్లి ఇంటివి. అవి అన్ని కొండల్లోనూ ఉన్నాయి. పుట్టిల్లు వదిలాక కలిసి ఒకేలా కొత్తగా మార్చుకున్న మాటలుంటేనే ఒక ఇల్లు. సుక్రు వాళ్లు పక్క ఊళ్లతో కలిసి చాలా మాటలు అలా మార్చుకున్నారు. నీతో ఒక్కటీ లేదు. నీది ఎప్పుడో విడిపోయిన కొమ్మ సోములమ్మా. ఇంత గొప్ప సంగతి దొరుకుతుందనుకోలేదు."

సుక్రు తలొంచుకుని వెళ్లిపోయాడు. అతనెందుకు వెళ్లాడో సోములమ్మ చెప్పాక మేష్టారి మొహాన నెత్తురు చుక్క లేదు. "వెళ్లి ఒకే ఇల్లని చెప్పి వస్తాను" అన్నారు.

"అబద్దం సెప్పి తినిపిత్తారేటి బాబూ? అది బలి కూడు."

పండగనాడు అవతలి కొండమీద డప్పులు మోగాయి. సోములమ్మ తనే కోడిని కోసి కుండ పెట్టింది. మేష్టారు వచ్చి ఎదుట ఆకు పరుచుకుని కూర్చున్నారు. మడీ ఆచారమూ ఉన్న మనిషి, పాపం ఎంత తర్జనభర్జన పడి వచ్చారో. "నాకూ పెట్టు అప్పా" అన్నారు, ఆమె భాషలో.

ఎన్నేళ్లకో ఇంకొకరి నోట విన్న తన భాష. ఆమెకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. గరిట మాత్రం కదల్లేదు.

"తమరు తినకూడదు బాబూ. ఇంటోళ్లే తినాల."

ఆయన ఆకు మడిచి లేచి వెళ్లారు. బలి కూడు మిగల్చకూడదు. ఇంటిల్లిపాదీ తినే కూడు సోములమ్మ ఒక్కతే, ఏడుస్తూ, కుండ ఖాళీ అయ్యేదాకా తింది.