రుమాలు వేసిన సీటు

బస్సు కార్మికుల సమ్మె ముగిసి బస్సులు కదిలిన తొలి ఉదయాన పట్టాభి దిల్‌సుఖ్‌నగర్‌లో కోఠీ బస్సుకై వేచి ఉండలేదు. షేర్ ఆటో ఎక్కి, ఎదురు దిక్కున ఉన్న ఎల్బీ నగర్ చేరాడు. బస్సు బయలుదేరే చోటనే ఎక్కి కూర్చుని, తన ప్రక్క సీటుపై తెల్లని రుమాలు పరిచాడు.

ఇన్నేళ్లుగా ఆ పని లింగస్వామిది. ఇద్దరూ ఒకే న్యాయ కళాశాలలో అధ్యాపకులు. ఎల్బీ నగర్‌లో ఎక్కే లింగస్వామి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కబోయే మిత్రునికై రుమాలు వేసి ఉంచేవాడు. వారి నిత్యవాదానికి మూలం ఆ రుమాలే. ఏ శాసనమూ లేకున్నా దానిని ఎవరూ తీయరెందుకు?

“తగవు పడితే పోయేది సీటు కంటె ఎక్కువండీ. లాభనష్టాలు చూసుకునే మనిషి కట్టుబాటుకు లోబడతాడు,” అనేవాడు పట్టాభి. చట్టాన్ని ఆయన అర్థశాస్త్రపు త్రాసులో తూచేవాడు.

“గట్ల కాదు సార్. నలుగురు ఏమనుకుంటరో అన్న సిగ్గు! చట్టం పుట్టేది ఆడ,” అనేవాడు సమాజశాస్త్రాన్ని నమ్మిన లింగస్వామి. “మీ త్రాసుల సిగ్గును తూచే రాయి లేదు!”

ఆ నవ్వులతోనే కోఠీ వచ్చేది.

సమ్మె మొదలైననాడు అధ్యాపకుల గదిలో పట్టాభి నోరు జారాడు. “జీతం పోగొట్టుకుని రోడ్డున కూర్చోవడం ఏ లెక్కన లాభమండీ?”

“మీరు లెక్క చూసిన్రు సార్. కూసున్నోళ్లను చూడలే,” అని లింగస్వామి కార్మికుల దీక్షా శిబిరానికి వెళ్లిపోయాడు. ఆపైన ఫోను ఎత్తలేదు. ఆడిన మాటా విడిచిన బాణమూ మరలి రావు గదా! కోస్తా నుండి వచ్చి స్థిరపడిన పట్టాభికి ఈ మహానగరంలో మనసు విప్పుకోదగిన మిత్రుడు మరొకడు లేడు.

ఇంతలో లింగస్వామి బస్సెక్కాడు. రుమాలును చూశాడు. పట్టాభినీ చూశాడు.

“రండి లింగస్వామిగారూ, మీకోసమే.”

“పర్వాలే సార్, నిలబడ్త.” ముందుకు పోయి కడ్డీ పట్టుకుని అటు తిరిగి నిలుచున్నాడు.

బస్సు కిక్కిరిసింది. ఒకరినొకరు ఒరుసుకుంటున్నా ఆ సీటు జోలికి ఎవరూ రాలేదు.

“ఏంది సార్, గా రుమాలాయన బస్సుల ఒస్తడా, గాలిల ఒస్తడా?” అన్నాడెవరో. బస్సంతా నవ్వింది. లింగస్వామి భుజాలు మాత్రం కదలలేదు.

పట్టాభికి ముఖం చెల్లలేదు. ఇంత జనంలో ఖాళీ సీటంటే తన శాస్త్రం ప్రకారం శుద్ధ నష్టం. రుమాలు తీస్తే సరిపోతుంది. చేయి చాచాడు. కొస పట్టుకున్నాడు కాని, ఎత్తలేకపోయాడు. ఎత్తితే ఆ చోటు ఇక లింగస్వామిది కాదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకా జనం ఎక్కారు. కండక్టరు వంగి అడిగాడు. “ఎవరన్న ఉన్నరా సార్ ఈడ?”

“ఉన్నారండీ,” అన్నాడు పట్టాభి, ముందున్న ఆ వీపు వైపు చూస్తూ.