నేల మీద భూగోళ పాఠం

ఆ శీతాకాలం నెబ్రాస్కాలోని మా ఊరి బడికి ప్రభుత్వం ఒక సినిమా పంపింది. అణుబాంబు పడితే పిల్లలు బల్లల కిందికి ఎలా దూరాలో అందులో చూపిస్తారు. నేను పాఠం చెప్పే నాలుగో తరగతి గదిలో తెర కట్టి ప్రొజెక్టరు నేనే తిప్పాను. సినిమా అయ్యాక అందరూ అలాగే చేసి చూపించారు, వెల్మా తప్ప.

వెల్మాకు పోలియో. కాళ్లకు ఇనుప పట్టీలు. కుర్చీలోంచి నేల మీదికి దిగాలంటే ముందు బల్ల పట్టుకోవాలి, ఒక కాలు చాపాలి, తర్వాత రెండోది లాక్కోవాలి. ఆమె దిగేలోపే మిగతావాళ్లు లేచి కూర్చున్నారు.

"బాంబుని కాస్త ఆగమని చెప్పవే," అన్నాడు పక్క బల్ల డ్వైట్.

"చెప్పాను. ముందు మీ ఇంటికెళ్లొస్తానంది," అంది వెల్మా.

గది వెనక నిలబడి చూస్తున్న ప్రధానోపాధ్యాయురాలు మిస్ ఓగ్డెన్ నవ్వలేదు. నన్ను బయటికి పిలిచింది.

"మంగళవారం పొద్దున సైరన్ మోగిస్తాం, టోలండ్ గారూ. నేను విజిల్ ఊదేసరికి ఆ పిల్ల బల్ల కింద లేకపోతే నగరంలో అవిటి పిల్లల బడికి పంపించేద్దాం. నాకు వేరే దారి లేదు."

తలుపు పక్కనే ఉన్న వెల్మా విన్నది.

"ఇంటికి రాకుండా రాత్రుళ్లు కూడా అక్కడే పడుకోవాలట కదా సార్?" అని మాత్రం అడిగింది.

ఆ సాయంత్రం సొరుగులో నా భార్య ఐరిస్ కత్తెర కనిపించింది. గుడ్డ కత్తిరించాలంటే ఆమె నేల మీదే కూర్చునేది. అన్నీ చేతికందుతాయి, మాటిమాటికీ లేచే పని ఉండదు అనేది. ఆమె పోయి నాలుగేళ్లయినా నాకింకా ఏదో ఒకటి నేర్పుతూనే ఉంటుంది.

మంగళవారం బల్లల మధ్య పెద్ద కాగితం పరిచాను.

"ఇవాళ భూగోళ పాఠం నేల మీద కూర్చుని చదువుదాం," అని ముందు నేనే కూర్చున్నాను.

వెల్మా తీరుబడిగా దిగింది. ఎవరూ చెప్పకుండానే డ్వైట్ ఆమె చంకకర్రలు పట్టుకున్నాడు. నెబ్రాస్కా పటం వేస్తూ ప్లాట్ నదిని సుద్దతో సగం దాకా గీశామో లేదో సైరన్ మోగింది. వెల్మా పక్కకి జరిగి, అందరికన్నా ముందు బల్ల కింద తల దాచుకుంది.

విజిల్ ఊదుతూ మిస్ ఓగ్డెన్ లోపలికొచ్చింది. వంగి వెల్మాను చూసింది. తర్వాత నదిని, సుద్ద అంటిన నా మోకాళ్లను చూసింది.

"భూగోళ పాఠం ఎప్పుడూ నేల మీదేనా?"

"ఇకనుంచి అంతే, మేడమ్."



"సరే. సైరన్ ఎప్పుడో మీకు ముందే కబురు పెడతాను," అని పక్క గదికి వెళ్లిపోయింది.

బల్ల కింది నుంచి వెల్మా అడిగింది: "సార్, లేవాలా? నది ఇంకా గీసేది ఉందా?"

"ఇంకా చాలా ఉందమ్మా," అన్నాను.