ఖాకీ కాగితం కింద

నేను ఒక గోడపటాన్ని. బట్ట మీద అతికించిన దళసరి కాగితం, పైనా కిందా చెరొక గుండ్రటి కర్ర, వేలాడదీయడానికి ఒక పురికొస. నా మీద ఒక మగమనిషి, ఒక ఆడమనిషి పక్కపక్కన నిలబడి ఉంటారు. సగం చర్మం ఒలిచి లోపలి గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, పేగులు చూపించారు. అంతగా ఒలిచినా ఇద్దరి ముఖాల్లోనూ నొప్పి కనబడదు. నన్ను గీసిన మద్రాసు ఆర్టిస్టు అలాగే గీశాడు. ఆ రోజుల్లో ఆయన భార్య నిండు చూలాలట. అందుకనో ఏమో, ఆడమనిషి పొత్తికడుపులో గర్భసంచిని మిగతా అన్నిటికన్నా శ్రద్ధగా, లేత గులాబీ రంగులో వేశాడు. నన్ను అచ్చువేసిన ప్రెస్సులో నాలాంటి పటాలు ఐదొందలు పుట్టాయి. మిగతావి ఏ గోడల మీద ఏం చూశాయో నాకు తెలియదు. నేను చూసింది చెబుతాను.

నన్ను చుట్టచుట్టి, గోనెసంచిలో కట్టి, బస్సు టాపు మీద వేసి జోజిపాలెం పంపారు. కాలవ గట్టు మీది ఊరది. ఊళ్ళో గుడి అంటే చర్చి, బడి అంటే పునీత జోజప్ప ప్రాథమిక పాఠశాల. బడి పెద్ద మదర్ ఫిలోమినా నన్ను బల్ల మీద పరిచి, పైనుంచి మెల్లగా విప్పుకుంటూ వచ్చారు. నడుము దాకా వచ్చి ఆగిపోయారు. సిలువ గుర్తు వేసుకున్నారు.

"శౌరీలూ, ఇలా రా అమ్మా. ఇక్కణ్ణించి ఇక్కడిదాకా ఏదన్నా అతికించెయ్. పసిపిల్లల కంట పడాల్సినవి కావివి."

శౌరీలమ్మ అప్పటికి బళ్ళో చేరి రెండు నెలలు. ఇరవై రెండేళ్ళ మనిషి, పెద్దవాళ్ళు చెప్పింది ఎదురడక్కుండా చేసే మనిషి. మైదాపిండితో లై కాచింది. పుస్తకాలకి అట్టలేసే ఖాకీ కాగితం కొలిచి కత్తిరించింది. నా మీది ఇద్దరికీ నడుము నుంచి మోకాళ్ళ దాకా ముడత లేకుండా అతికించింది. పని చక్కగా చేసిందని మదర్ మెచ్చుకున్నారు కూడా.

ఆ రోజు నుంచి జోజిపాలెం పిల్లలకి మనిషంటే తల, ఛాతీ, పొట్ట, తర్వాత మోకాళ్ళు. ఒకడు పరీక్షలో "అన్నము పొట్టలోకి పోవును, పిమ్మట కాగితము వచ్చును" అని రాశాడు. శౌరీలు టీచర్ నవ్వు ఆపుకోలేక సగం మార్కు వేసింది. మనుషులు దాచిపెట్టిన చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండదు, అక్కడ ఇంకేదో పెరుగుతుంది. అది నాకు అప్పటికి తెలియదు. ఆమెకీ తెలియదు.

మూడో ఏట ఐదో తరగతిలోకి ఆరోగ్యం వచ్చింది. వేళాంగణి ఆరోగ్యమాతకి మొక్కుకుంటే పుట్టిన పిల్ల, అందుకే ఆ పేరు. తల్లి అంతోనమ్మ కూలికి నాట్లు వేసేది, తండ్రి లేడు. పదకొండేళ్ళ ఆరోగ్యానికి నోటి నిండా ప్రశ్నలే. మేఘాలకి బరువుంటుందా, దేవదూతలు ఏం తింటారు, ఇట్లాంటివి. టీచర్‌కి ఆ పిల్లంటే ముద్దు. పాఠం చెబుతూ బెత్తంతో నా మీద చూపించేటప్పుడు ముందు ఆ పిల్ల ముఖం వైపే చూసేది.

ఆగస్టులో మరియమాత మోక్షారోపణ పండుగ వెళ్ళిన వారం. అన్నాల గంట కొట్టారు. పిల్లలంతా పళ్ళేలు పట్టుకుని బయటికి పరిగెత్తారు. ఆరోగ్యం ఒక్కతే లేవలేదు. టీచర్ హాజరుపట్టీ సర్దుకుంటుంటే మెల్లగా నా దగ్గరకొచ్చి ఖాకీ కాగితం వైపు చూస్తూ నిలబడింది.

"టీచర్, ఈ కాయితం కింద రక్తం ఉంటదా?"

టీచర్ తలెత్తింది.

"రక్తం ఊరికే వచ్చుద్దా టీచర్? దెబ్బ తగలకపోయినా?"

శౌరీలమ్మకి అర్థమైంది. నేను ఎదురుగా ఉన్నాను, ఆమె ముఖం చూశాను. అర్థమైంది, చెంపలు ఎర్రబడ్డాయి, తలుపు వైపు చూసింది. వరండాలో మదర్ చెప్పుల చప్పుడు.

"అట్లాంటివి అడక్కూడదు. తప్పు. వెళ్ళి పది మంగళవార్త జపాలు చెప్పుకుని అన్నం తిను. సాయంత్రం చూద్దాం."

"పాపమా టీచర్?"

టీచర్ జవాబు చెప్పలేదు. సాయంత్రం చూడనూ లేదు. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని రిజిస్టర్లు రాస్తూ కూర్చుంది. రేపు చెబుదాంలే అనుకుని ఉంటుంది.

మర్నాడు ఆరోగ్యం బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు మిట్టమధ్యాహ్నం, ఊరంతా నాట్లలో ఉన్నప్పుడు, ఎవరూ వాడని పాత రేవుకి ఒక్కతే వెళ్ళిందట. కాలవ నిండుగా పారుతోంది. మెట్ల మీద పాచి. రెండు మైళ్ళ కింద లాకుల దగ్గర శవమై దొరికిందట. రేవులో ఆఖరి మెట్టు మీద తల్లి పాత చీర ముక్క ఒకటి సగం ఉతికి ఉందట. ఆడవాళ్ళు అది చూడగానే సంగతి గ్రహించి మగవాళ్ళ కంట పడకుండా నీళ్ళలోకి తోసేశారట. అది కూడా దాచేశారు.

మట్టి చేసిన మర్నాడు అంతోనమ్మ బడికొచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"టీచరమ్మా, పిల్ల మీతో ఏమన్నా చెప్పిందా? ఏమన్నా అడిగిందా?"

గది నిండా పిల్లలు. గుమ్మంలో మదర్. శౌరీలమ్మ పెదవులు కదిలాయి.

"లేదు అంతోనమ్మా. ఏమీ అడగలేదు."

ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ళు నేను అదే గోడ మీద ఉన్నాను. అంతోనమ్మకి మదర్ బళ్ళో ఆయా పని ఇచ్చారు. రోజూ పొద్దున్నే ఆ గది ఊడ్చేది, బెంచీలు తుడిచేది. టీచర్ రాగానే "బాగున్నారా టీచరమ్మా" అనేది. టీచర్ "బాగున్నా" అనేది. రోజూ అంతే, ఇరవై నాలుగేళ్ళు.

దయ్యాల సంగతి నాకు తెలియదు. నేను ఏ దయ్యాన్నీ చూడలేదు. కానీ అన్నాల గంట కొట్టి గది ఖాళీ అయ్యాక శౌరీలు టీచర్ మాత్రం కుర్చీలోంచి లేచేది కాదు. నా ముందు, ఖాళీ నేల వైపు చూస్తూ, చాలా నెమ్మదిగా మాట్లాడేది. "అది జబ్బు కాదమ్మా. పాపం కాదు. ఆడపిల్లలందరికీ వచ్చేదే. నాకూ వచ్చింది. భయపడకు." ఒక్కోసారి మధ్యలో ఆగి, ఎవరో ఏదో అడిగినట్టు తలూపి, మళ్ళీ మొదటినుంచి చెప్పేది. ఏటా ఆగస్టులో గోడ చెమ్మకి నా మీది కాగితం ఒక మూల లేచేది. ఆ మూల రెపరెపలాడితే ఆమెకి చేతిలోని సుద్దముక్క జారిపోయేది. వెంటనే లై కాచి తెచ్చి అతికించేది. అరచేత్తో గట్టిగా అదిమిపట్టి, ఎవరి నోటినో మూస్తున్నట్టు, చాలాసేపు అలాగే నిలబడేది.

టైంటేబుల్లో వారానికొకసారి "ఆరోగ్యం" అని ఒక పీరియడ్ ఉండేది. ఆ మాట ఆమె బోర్డు మీద ఎప్పుడూ రాయలేదు. "శుభ్రత" అని రాసి పాఠం మొదలుపెట్టేది. పిల్లలు అదే ఆ పాఠం పేరనుకునేవాళ్ళు.

మదర్ ఫిలోమినా పోయారు. ఇద్దరు పెద్దలు మారాక సిస్టర్ జసింత వచ్చారు. ఒకరోజు బిషప్పుగారి మేత్రాసన కార్యాలయం నుంచి సన్నటి పుస్తకమొకటి వచ్చింది. నాలుగు, ఐదు తరగతులకి "ఆరోగ్యం, అనుబంధాలు" అనే పాఠాలు. శరీరం ఎలా ఎదుగుతుంది, స్నేహమంటే ఏమిటి, ఎవరైనా తాకితే నచ్చకపోతే ఏం చెయ్యాలి, ఇవన్నీ. మొదటి పాఠంలో మొదటి ప్రశ్న: నీకు భయమేస్తే ఎవరితో చెబుతావు? ముగ్గురి పేర్లు రాయి.

"ఇది ఎవరు చెబుతారు?" అన్నారు సిస్టర్. టీచర్లందరూ తలలు వంచుకున్నారు.

"నేను చెబుతా సిస్టర్," అంది శౌరీలమ్మ.

ముందుగా తల్లిదండ్రులని పిలిచి చెప్పాలన్నారు. ఆదివారం దివ్యపూజ అయ్యాక అందరూ ఐదో తరగతి గదిలోనే కూర్చున్నారు. పిల్లలకి జపాలు నేర్పే ఉపదేశి బాలస్వామి లేచాడు. ఆయన మనవరాలు ఐదో తరగతే.

"సిస్టర్, ఇది కతోలిక బడేనా అని అడుగుతున్నా. పదేళ్ళ పిల్లలకి ఇయ్యా చెప్పేది? మా ఇళ్ళల్లో ఆడోళ్ళు లేరా? వాళ్ళే చెప్పుకుంటారు."

చాలామంది అవునన్నారు. సిస్టర్ జసింత పుస్తకం తెరిచి ఏదో చదవబోయారు. ఎవరూ వినలేదు.

శౌరీలమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది. ఆమె చేతిలో తడిగుడ్డ ఉంది. ఖాకీ కాగితం మీద అద్ది, మూల పట్టుకుని లాగింది. ఏళ్ళ తరబడి పొరమీద పొరగా కట్టిన లై ఊడుతుంటే నా అచ్చు కూడా అక్కడక్కడా లేచిపోయింది. మగమనిషి తొడ మీద తెల్లటి మచ్చ పడింది. ఆడమనిషి కడుపులో గులాబీ రంగు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇది అతికించింది నేనే," అంది. "బాలస్వామిగారూ, ఇంట్లో చెప్పుకుంటారన్నారు. చెప్పకపోతే? ఇరవై నాలుగేళ్ళ కిందట ఒక పిల్ల ఇక్కడ నిలబడి నన్ను అడిగింది. నాకు అర్థమైంది. అయినా జవాబు చెప్పకుండా జపాలు చెప్పుకోమన్నా. అది పాపమనుకుని, ఎవరికీ కనబడకుండా ఉతుక్కుందామని రేవుకి పోయింది. వాళ్ళమ్మ నన్నడిగితే, ఏమీ అడగలేదని అబద్ధం చెప్పా."

గుమ్మంలో మంచినీళ్ళ గ్లాసుల పళ్ళెం పట్టుకుని అంతోనమ్మ నిలబడి ఉంది. అందరూ అటు తిరిగారు. ఆమె పళ్ళేన్ని జాగ్రత్తగా బెంచీ మీద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అడిగిందా?" అంది.

శౌరీలమ్మ తలూపింది.

"ముందు నన్నే అడిగిందండి," అంది అంతోనమ్మ. గదికంతా చెబుతున్నట్టు కాదు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "నాట్లకి పోతా ఉన్నా. నాకు సిగ్గేసింది. నన్నడగమాక, మీ టీచర్నడుగు, ఆమెకన్నీ తెలుసు అన్నా. మీరేమో అడగలేదన్నారు. నా మాట ఇనలేదనుకున్నా. ఒక్క ముక్క అడిగుంటే బతికేదిగా, మొండిముండ అడగలేదు అని... ఇన్నేళ్ళూ దానిమీద కోపం పెట్టుకున్నానండి. సమాధుల పండక్కి అందరూ పోయి దీపాలు పెడతారు. నేను ఒక్కసారి కూడా పెట్టలేదు."

శౌరీలమ్మ నేల మీద కూలబడిపోయింది. ఎవరూ లేవదీయలేదు. బాలస్వామి కండువా సర్దుకుని కూర్చున్నాడు.

"అడిగిందన్నమాట," అంది అంతోనమ్మ మళ్ళీ. "నా పిల్ల అడిగింది."

క్షమించానని ఆమె ఆ రోజు అనలేదు. ఆ తర్వాత కూడా అనగా నేను వినలేదు. ఆ పైన చాలా రోజులు పొద్దున గది ఊడ్చేటప్పుడు పలకరింపు కూడా లేదు. పాఠాలు మాత్రం మొదలయ్యాయి. శౌరీలు టీచర్ బోర్డు మీద "ఆరోగ్యం" అని రాసింది. రాస్తుంటే అక్షరాలు వంకర పోయాయి, తుడిచి మళ్ళీ రాసింది. ముగ్గురి పేర్లు రాయమంటే సగం మంది పిల్లలు ఒక్క పేరు కూడా రాయలేకపోయారు. ఆ కాగితాలు టీచర్ ఇంటికి తీసుకుపోయింది.

మూడు నెలలకి ఒక మధ్యాహ్నం, పిల్లలు అన్నాలకి వెళ్ళాక అంతోనమ్మ చీపురుతో లోపలికొచ్చింది. ఊడవలేదు. నా ముందు నిలబడి ఆ గులాబీ రంగు బొమ్మ వైపు చాలాసేపు చూసింది. అరవై దాటిన మనిషి, ముగ్గురిని కన్నది, ఆరోగ్యం కాక మరో ఇద్దరినీ చిన్నప్పుడే మట్టిచేసింది.

"టీచరమ్మా, మీరు పిల్లలకి చెప్పేది నాక్కూడా ఒకసారి చెప్పండి."

శౌరీలమ్మ కుర్చీలోంచి లేచి వచ్చింది. బెత్తం తీసుకోలేదు, వేలితోనే చూపించింది. రక్తం ఎక్కడ చేరుతుంది, ఎందుకు, బిడ్డ లేనప్పుడు అది ఎలా బయటికొస్తుంది, ఎన్ని రోజులు, గుడ్డ ఎలా ఉతికి ఎండలో ఆరేసుకోవాలి. పిల్లలకి చెప్పినట్టే, ఒక్క మాట వదలకుండా చెప్పింది. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు.

అంతోనమ్మ ఇంకా ఏదో ఉందన్నట్టు ఎదురుచూసింది. టీచర్ ఆపేసిందని అర్థమయ్యాక అడిగింది.

"ఇంతేనా?"

"ఇంతే అంతోనమ్మా."

"ఇంతేనా టీచరమ్మా!" అంది అంతోనమ్మ. "ఈ కాస్త మాటకా!"