రాములు కేక

మియాపూర్ బస్టాపులో రాములు కనపడితే చాలు, కుర్రకారు మూగేవారు. "అన్నా, జర ఒక్కపారి ఒర్రవా!" అని ప్రాణం తోడేసేవారు. రాములు పళ్లికిలించి, కదిలే ఎడమచేతిని నోటి దగ్గర పెట్టుకుని అరిచేవాడు. సినిమాలో విన్న కేకకీ దానికీ పొంతనే ఉండేది కాదు. అయినా ఈలలేసేవారు. పక్కనున్న లింగమూర్తి మాత్రం మొహం అటు తిప్పుకునేవాడు. ఆ కేక పుట్టించింది అతని చెయ్యే మరి.

ఇద్దరిదీ గోపన్‌పల్లి. ఇద్దరూ సినిమా ఫైటర్లు. అంటే హీరోగారి చేతిలో తన్నులు తిని ఎగిరి పడటమే వృత్తి. 'నెత్తుటి గుట్ట' అనే సినిమాకి మాదాపూర్ రాళ్లగుట్టల్లో ఫైటు తీశారు. విలన్ మనిషి లింగమూర్తి, హీరో మనిషి రాములు. అలాంటి ఫైటుకి రెండు రకాల వేటకొడవళ్లు ఉంటాయి. దగ్గరగా చూపించడానికి తళతళలాడే అసలుది, నరకడానికి పదును లేని అల్యూమినియంది. పొద్దు వాలిపోతోందని అందరూ గగ్గోలు పెడుతుంటే ఆ హడావుడిలో ఎవరో అసలుది లింగమూర్తి చేతికిచ్చారు. అతనూ చూసుకోలేదు. చూసుకుని ఉంటే ఈ కథే లేదు.

కొడవలి రాములు కుడిభుజంలో ఎముకదాకా దిగింది. నెత్తురు లింగమూర్తి కళ్లలో చిమ్మింది. రాములు వేసిన కేకకి లైట్లు పట్టుకున్నవాళ్లు వాటిని వదిలేసి వెనక్కి జరిగారు. దవాఖానలో ప్రాణం నిలబెట్టారు గానీ చెయ్యి చచ్చిపోయింది. "మళ్లీ ఇక్కడ దెబ్బ తగిలితే మనిషి దక్కడు" అని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ మాట విన్నది లింగమూర్తే.

సినిమావాళ్లు సిగ్గుపడతారా? ఆ ముక్కని ఉన్నదున్నట్టు సినిమాలో పెట్టేశారు. జనం వెర్రెత్తిపోయారు. హీరో డైలాగులు ఎవరికీ గుర్తులేవు. రాములు కేక మాత్రం ఊరూరా మోగింది.

ఆ రోజుల్లో ఆడిన సినిమాకి తోక తగిలించే జబ్బు మనవాళ్లకింకా ముదరలేదు. నిర్మాత లక్ష్మీనారాయణకి ముందే తగులుకుంది. డైరెక్టర్ కామేశ్వరరావు కాకినాడనుంచి సొంత కథలతో వచ్చిన మనిషి. లింగమూర్తి ఎదురుగానే ఒకసారి నోరు విప్పాడు.

"నా దగ్గర కొత్త కథ ఉందండీ. ఈ గుట్టలు పేల్చి కంప్యూటర్ మేడలు కడుతున్నారు కదా. భూములు పోయిన ఊరివాళ్ల కథ..."

"కొత్తదైతే జనం వస్తారో రారో ఎవడికి తెలుసండీ?" అన్నాడు లక్ష్మీనారాయణ. "పాతదైతే ఆల్రెడీ వచ్చారు కదా! అదే గుట్ట, అదే చొక్కా, అదే కొడవలి. కొబ్బరికాయ కొట్టినవాడు కూడా వాడే ఉండాలి. సెంటిమెంటండీ!"

"మొదటి భాగంలో రాములు పాత్ర చచ్చిపోయింది కదండీ."

"కవల తమ్ముణ్ణి పెట్టండి."

కామేశ్వరరావు కవల తమ్ముణ్ణి పెట్టాడు. కొత్త కథ మళ్లీ ఎత్తలేదు. పైగా కొన్నాళ్లకి, కవల తమ్ముడనే ఆలోచన తనదేనని చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

తీరా షూటింగుకి వెళ్తే గుట్ట సగమే ఉంది. మిగతా సగం పేల్చేసి పునాదులు తవ్వుతున్నారు. అవతల గుండ్రటి మేడ అద్దాలు తొడుక్కుంటోంది. మందు పేల్చేముందు ఈల వేస్తే యూనిట్ అంతా వ్యాన్ల చాటుకి పరిగెత్తడం, రాళ్లు పడటం ఆగాక వచ్చి మళ్లీ నరుక్కోవడం. ఆ సగం గుట్టకే పసుపు కుంకుమ పెట్టారు లక్ష్మీనారాయణగారు.

లింగమూర్తి అల్యూమినియం కొడవలి తీసుకుని, వేలితో అంచు రుద్ది రుద్ది చూసుకుని, రాములు భుజానికి తాకించాడు. రాములు అరిచాడు. డైరెక్టర్ తల అడ్డంగా ఊపాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ అరిచాడు. ఎర్రరంగు నీళ్లతో చొక్కా తడిసి ముద్దయింది, గొంతు బొంగురుపోయింది. ఆ కేక మాత్రం రాలేదు.

"పాతదే అతికిద్దామండీ" అన్నాడు కామేశ్వరరావు.

"జనం పసిగడతారు. నాకు అదే కేక కావాలి, ఫ్రెష్‌గా" అన్నాడు నిర్మాత.

భోజనాల వేళకి రాములు లింగమూర్తిని బండ వెనక్కి లాక్కుపోయాడు.

"అన్నా, అసలు కొడవలే పట్టుకో. గట్టిగ ఒక్కటేసెయ్యి."

"పాగల్ గిట్ల అయినవార?"

"ఎట్లైనా సచ్చిన చెయ్యే గద. ఎన్నిమాట్ల ఒర్రినా దొంగ ఒర్రుడే అయితుంది. లక్ష్మీనారాయణ సేటుకు చెప్పిన, సరే అన్నడు."

లింగమూర్తి అతని చెంప పగలగొట్టాడు. రాములు బండకి గుద్దుకుని పడ్డాడు. పెదవి చిట్లింది. లింగమూర్తి అతని చొక్కా పట్టి లేపి రెండో చెంప కూడా వాయించాడు.

"డాక్టర్ ఏమన్నడో యాదికి లేదా? సస్తవురా!"

"సస్తే సచ్చిన!" రాములు నెత్తురు ఉమ్మి ఏడ్చాడు. "చెయ్యి పోయినోన్ని, ఫైటింగుకు ఎవడు పిలుస్తడే? బస్టాండ్ల పోరగాండ్లు అన్నా అంటున్నరంటే గా ఒర్రుడుకే గద. అది గూడ నాకు వస్తలేదని వేరేటోనితోని ఒర్రిపిస్తే నేనెవన్ని?"

లింగమూర్తి పట్టుకున్న చొక్కా వదిలేశాడు. జాలీ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. తన చేత్తో సగం చంపిన మనిషి, మిగతా సగం కూడా నువ్వే చంపమని బతిమాలుతున్నాడు. నేరుగా లక్ష్మీనారాయణ దగ్గరికి పోయి, ఆ షాట్ తను చేయనని తెగేసి చెప్పాడు.

"వద్దులే. నువ్వెళ్లి అన్నం తిను" అన్నాడు నిర్మాత నవ్వుతూ. ఆ నవ్వుని నమ్మడమే లింగమూర్తి చేసిన పొరపాటు.

విస్తరి ముందు కూర్చున్నాడో లేదో, అవతల కెమెరా సర్దుతున్న అలికిడి వినిపించింది. తల ఎత్తి చూస్తే తను విప్పి పెట్టిన వేషం చొక్కా తొడుక్కుని గోవిందప్ప నిలబడి ఉన్నాడు. బళ్లారినుంచి కొత్తగా వచ్చిన ఫైటరు. కొడవలి ఒకసారి గాల్లో తిప్పి చూసుకుంటున్నాడు. పక్కనున్న తుమ్మకొమ్మ తెగి కింద పడింది. గోవిందప్ప అటువైపే చూడలేదు. అల్యూమినియం కొడవలికి కొమ్మ తెగదు. లింగమూర్తి విస్తరి తన్నేసి పరిగెత్తాడు.

"ఆగురా! అసల్ది అది!"

కంకర మిషన్ల హోరులో ఆ మాట ఎవరికీ వినపడలేదు. గోవిందప్ప కొడవలి ఎత్తాడు. రాములు కళ్లు మూసుకుని భుజం ముందుకు పెట్టాడు. ఆ మధ్యలోకి లింగమూర్తి దూకి చెయ్యి అడ్డం పెట్టాడు.

మణికట్టు పైన రెండు ఎముకలూ తెగాయి. చెయ్యి తోలు పట్టుకుని వేలాడింది. నెత్తురు రాళ్లమీద బొళబొళా కారింది. అప్పుడు లింగమూర్తి గొంతులోంచి లేచింది కేక. అచ్చం అదే. గోవిందప్ప కొడవలి పారేసి, కుప్పకూలి వాంతి చేసుకున్నాడు.

"ఓకే!" అని గంతేశాడు లక్ష్మీనారాయణ. "వచ్చేసిందండీ! అంతకంటే బాగా వచ్చింది!"

లింగమూర్తి మిగిలిన చేత్తో ఒక రాయి అందుకుని నిర్మాత మూతిమీద మోదాడు. పళ్లు ఊడి కోటుమీద పడ్డాయి. రెండోసారి ఎత్తబోతే కళ్లు తిరిగి నేలకూలాడు. కామేశ్వరరావు కెమెరా పక్కన కొయ్యబారిపోయి, ఆపమని చెప్పడం కూడా మరిచిపోయాడు.

రాములు దగ్గరికి వచ్చాడు. పట్టుకుంటాడని, తలకింద తువ్వాలు పెడతాడని లింగమూర్తి ఎదురుచూశాడు. రాములు వచ్చి డొక్కలో తన్నాడు. మోకాళ్లమీద కూలబడి, ఆ ఒంటిచేత్తోనే మొహంమీద, ఛాతీమీద గుద్దాడు. ముక్కు చితికింది. లింగమూర్తి అడ్డుకోలేదు. అడ్డుకునే ఓపికా లేదు, మనసూ రాలేదు.

"నువ్వెందుకు ఒర్రినవే?" అని గుండె పగిలేలా ఏడుస్తున్నాడు రాములు. "ఇగ నన్నెవడు ఒర్రమంటడే? అప్పుడు చెయ్యి తీస్కుంటివి. ఇప్పుడు గిది గూడ తీస్కుంటివా అన్నా?"