బడి తలుపు మీది కాగితం

బానిసత్వం నడిచే మిస్సోరీ రేవులో సోదా చేస్తారని, మేం కాన్సస్‌కు తోలించే పెట్టెల మీద "పుస్తకాలు" అని రాసింది నేనే. పైన రెండు వరసలు వాచకాలు, కింద తుపాకులు. బానిసల యజమానులు కొత్తగా తెరిచిన ఆ కాన్సస్ నేలను మింగెయ్యకుండా ఆపడానికి వచ్చిన ధర్మాత్ములం మరి. బండి తోలింది మాత్రం ప్రైమస్. ఎవరికీ బానిస కాని నల్లవాడు. అడుగున ఏముందో అతనికి చెప్పలేదు. రేవులో ఆపితే "బడి పుస్తకాలు దొరా" అని ఒట్టేసి చెప్పాడు.

ఊళ్ళో పెట్టె విప్పాక అడుగున తుపాకులు చూశాడు.

"దొరికుంటే నన్నక్కడే ఉరి తీసేవాళ్ళు గదా, పంతులుగారూ."

"దొరకలేదుగా," అన్నాను నవ్వుతూ.

"సరేలెండి. మా పిల్లకో పుస్తకమన్నా ఇప్పించండి. పుస్తకాలనే కదా తోలించారు."

మొదటి వాచకం తీసి, అట్ట లోపల "డోర్కస్" అని నా గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాను. ప్రైమస్ ఏటి పక్కన గుడిసె వేసుకుని మొక్కజొన్న వేశాడు. డోర్కస్ బడిలో వెనక బెంచీ మీద కూర్చునేది. నా మంచితనం చూసి నాకే ముచ్చటేసేది.

డిసెంబరులో ఓటు పెట్టారు. బానిసత్వం వద్దని ఊరంతా ఒకే మాట. దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా పెట్టారు: అసలు నల్లవాళ్ళు ఇక్కడ ఉండొచ్చా? ఉండొచ్చని ఓటేస్తే నా బడికి పిల్లల్ని పంపం అన్నారు ఊళ్ళోవాళ్ళు. నేనూ వద్దనే చీటీ వేశాను. అంతటితో ఆగలేదు. దస్తూరీ బాగుంటుందని తీర్పు కూడా నాచేతే రాయించి బడి తలుపుకు కొట్టారు.

మర్నాడు పొద్దున తండ్రీకూతుళ్ళు వచ్చారు. ప్రైమస్‌కు చదువు రాదు.

"ఏముందే అందులో?"

డోర్కస్ వేలు పెట్టి కూడబలుక్కుంది. "నల్ల... వాళ్ళు... ఈ నేల మీద... ఉండ... రాదు." తప్పు లేకుండా చదివానని మొహం వెలిగిపోయింది. అర్థం తర్వాత తెలిసింది.

వాచకం తెరిచి తన పేరు చూసుకుంది. మళ్ళీ తలుపు వంక చూసింది.

"నాన్నా, ఇది పంతులుగారి రాతే."

ప్రైమస్ నా వైపు తిరిగాడు. కాదంటానేమోనని చూశాడనుకుంటాను.

"పుస్తకం ఆయనకిచ్చెయ్యమ్మా," అన్నాడు.

ఆ పిల్ల గౌను అంచుతో అట్ట తుడిచి, రెండు చేతులతో అందించింది. నేను తీసుకున్నాను.