అక్క కారుకి ఎన్ని ఆంప్స్ కావాలి?

అక్క కారు మళ్లీ మొరాయించింది. అదీ ఎప్పుడు? ఊరి చివర ఒకావిడ నొప్పులు పడుతుంటే! మా అక్క కాన్పుల నర్సు, ఇళ్లకే వెళ్లి పురుడు పోస్తుంది. తాళం తిప్పితే టక్‌మని చప్పుడు, అంతే. ఎదురింటాయన తన బండిలో దింపేసరికి బిడ్డ బయటికొచ్చేసి వాళ్ల నాయనమ్మ చేతుల్లో ఏడుస్తోందట. తల్లీ బిడ్డా క్షేమమే. అక్క పై అధికారి మాత్రం తేల్చి చెప్పేసింది: ఇంకొక్కసారి ఇలా జరిగితే ఇళ్లకి పంపేది లేదు, ఆస్పత్రి వార్డులోనే ఉండాలి అని.

అక్క ఆ మాట నాకు చెబుతూ చెబుతూ సింకు దగ్గరే ఏడ్చేసింది. "వార్డులో తల్లి పేరు తెలిసేలోపే డ్యూటీ మారిపోతుందే. ఇళ్లకెళ్లడం ఆపేస్తే నేనింక నర్సుగా ఉండటమెందుకు?" అంది. మా అక్క ఏడవడం నేనెప్పుడు చూశానో నాకే గుర్తులేదు. భయం వేసింది.

బావ ఆ సాయంత్రమే బజారుకి పరిగెత్తి ఒక జంప్ స్టార్టర్ తెచ్చాడు. అదేం బ్రహ్మపదార్థం కాదు, చేతిలో పట్టే బ్యాటరీ డబ్బా. ఎర్ర క్లిప్పొకటి, నల్ల క్లిప్పొకటి. కారు బ్యాటరీ నీరసపడితే వాటిని తగిలించి బండిని లేపాలన్నమాట. అట్టపెట్టె మీద ఇంత లావున రెండు వేలు అని రాసి ఉంది.

"రెండు వేల ఆంప్స్, మరదలా! ఏనుగునైనా లేపుతుంది," అన్నాడు.

మర్నాడు పొద్దున కారు షరా మామూలే. బావ క్లిప్పులు తగిలించాడు, అక్క తాళం తిప్పింది. టక్ టక్ టక్. ఏనుగు సంగతి దేవుడెరుగు, ఎలుక కూడా లేచేలా లేదు.

"బావా, కళ్లజోళ్ల అద్దాలు అరగదీసే పనివారు మీరు. పిసరంత తేడా కూడా పట్టేస్తారు. పెట్టె మీద అంకె చూసి ఎలా బోల్తా పడ్డారండీ?"

"అంకె పెద్దది కదే," అన్నాడు పాపం.

అక్క ఆ పగటికి సెలవు పెట్టి, సాయంత్రం నుంచి ఫోనొస్తే వెళ్తానని ఆఫీసుకి చెప్పుకుంది. నేను కర్టెన్లు కుట్టుకోవడానికి కూర్చున్నాను గానీ కుదిరితేగా! నాకేదైనా అర్థం కాలేదంటే తిండి సహించదు. రెండు వేలున్న డబ్బా ఎందుకు లేపలేదు? అసలు చలి మొదలవగానే మార్చిన కొత్త బ్యాటరీ, దానికేం మాయరోగం? మిషను ఆపేసి, ఎదురింటాయన్ని బతిమాలి, ఆయన కారు నుంచి తీగలు కలిపి అక్క కారు లేపించి, బావని లాక్కుని బ్యాటరీల కొట్టుకి బయల్దేరాను.

కొట్టావిడకి మా అమ్మ వయసుంటుంది. స్వెటరు మీద స్వెటరు వేసుకుంది. మా డబ్బా చూడకుండానే అడిగింది, "బండి పెట్రోలా, డీజిలా? ఇంజన్ ఎంత?"

"డీజిల్. రెండు లీటర్లు," అన్నాడు బావ.

"మరి డీజిల్ బండికి ఈ బుల్లిదాన్ని ఎవరిచ్చారు సార్?"

బావ నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

ఆవిడ డబ్బా తిరగేసి, అడుగున చీమ తలకాయంత అక్షరాలు చూపించింది. పెట్టె మీది రెండు వేలు పీక్ అట. కన్ను మూసి తెరిచేలోపు వచ్చి పోతుంది. స్టార్టర్ మోటారు ఇంజన్ని తిప్పేంతసేపూ నిలకడగా ఎంతిస్తుందన్నదే అసలు లెక్క. అది ఆ రెండు వేలలో నాలుగో వంతు కూడా లేదు.

"మరి ఈ ఎంఏహెచ్ అంటే?" అన్నాను. దాని మీద ఇంకో పెద్ద అంకె కనిపించింది మరి.

"అది ఎంత నిల్వ ఉందో చెప్తుందమ్మా. ఎంత జోరుగా ఇస్తుందో చెప్పదు. బిందె పెద్దదైనా మూతి సన్నంగా ఉంటే ఒక్కసారిగా కుమ్మరించలేం కదా."

"డీజిల్‌కి అంత జోరెందుకు?"

"లోపల గాలిని బాగా గట్టిగా నొక్కితే గానీ అది అంటుకోదు. పెట్రోల్ బండికి సరిపోయేదానికి ఇంచుమించు రెట్టింపు చూసుకోండి. చలిలో ఈ డబ్బాలూ నీరసపడతాయి, ఇంకాస్త ఎక్కువే తీసుకోండి."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంత తేలిగ్గా చెప్పింది మహాతల్లి! నిలకడ అంకె పెద్దగా ఉన్నదొకటి తీసి బల్ల మీద పెట్టింది. అయినా మాటలతో నమ్మేరకం కాదు నేను. "పనిచేసి చూపిస్తారా?" అన్నాను.

"చూపిస్తా. ముందు మీ బ్యాటరీని నీరసపెట్టాలి," అంటూ కారులో కూర్చుంది. ఇంజన్ వెయ్యలేదు. తాళం సగం తిప్పి హెడ్‌లైట్లు వేసింది, ఫ్యాను పెట్టింది, వెనకద్దాన్ని వేడిచేసే తీగల మీట నొక్కింది. "ఆ తీగలున్నాయే, అవి మహా తిండిపోతులు. ఇంజన్ లేకుండా రోజూ ఇవన్నీ కాసేపు వేసి, తర్వాత పక్కవీధిదాకా నడిపితే చాలు. కొత్త బ్యాటరీ అయినా చలిలో చేతులెత్తేస్తుంది. అంత తెలివితక్కువ పని ఎవరు చేస్తారులెండి."

బావ జేబులోంచి కళ్లజోళ్లు తుడిచే గుడ్డ తీసి, దాని వంకే చూస్తున్నాడు.

"ఏంటి బావా?"

"నేనే," అన్నాడు. "రోజూ నేనే చేస్తున్నాను."

అన్నం తిన్నాక రోజూ కారు దగ్గరికి వెళ్తాడట. లైట్లన్నీ వెలుగుతున్నాయో లేదో చూస్తాడట. అద్దాల మీద మంచు పోయేదాకా తీగలు, ఫ్యాను వేసి, కళ్లజోళ్ల గుడ్డతో మచ్చ లేకుండా తుడుస్తాడట. పక్కింటి పసివాడు లేస్తాడని ఇంజన్ మాత్రం వెయ్యడట.

"చీకట్లో ఒక్కతే వెళ్తుంది కదే. దారి సరిగ్గా కనిపించకపోతేనో? నేను చెయ్యగలిగింది ఆ అద్దమొక్కటే," అన్నాడు.

ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వచ్చింది. కొట్టావిడ తాళం తిప్పి చూసింది, టక్‌మంది. దిగి, కొత్త డబ్బా తగిలించి మళ్లీ తిప్పింది. ఇంజన్ ఒక్క తిప్పుకే గుర్రుమంది.

ఆ డబ్బా కొనుక్కుని వస్తుంటే దారిలో బావ, "మీ అక్కకి చెప్పకు," అన్నాడు. వీధి మలుపు తిరిగాక, "వద్దులే, నేనే చెప్తాను," అన్నాడు.

చెప్పాడు కూడా. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాడు. అక్క వింది. "ఆ పిల్ల పుట్టేటప్పుడు నేనక్కడ ఉండాల్సిందండీ," అంది. లోపలికెళ్లి తలుపేసుకుంది. బావ కొత్త డబ్బా ఒళ్లో పెట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాడు. రమ్మన్నా లేవలేదు.

చీకటి పడుతుండగా ఫోను మోగింది. ఎవరికో రెండో కాన్పు, నొప్పులు మొదలయ్యాయట. అక్క సంచీ భుజాన వేసుకుని మా ముందునుంచే వెళ్లి కారెక్కింది. తాళం తిప్పింది. టక్.

పొద్దుటి నుంచి ఆ బ్యాటరీ పడ్డ అవస్థకి మరేం చేస్తుంది? బావ అప్పటికే బానెట్ ఎత్తేశాడు. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి తగిలించాడు. "ఇప్పుడు తిప్పు!" అని అరిచాడు.

బండి లేచింది.

బావ క్లిప్పులు తీసి, డబ్బాని ముందుసీట్లో పెట్టి, బెల్టు కూడా పెట్టాడు. తలుపు వేసి పక్కకి తప్పుకున్నాడు. అద్దాల నిండా మంచు. అయినా ఆయన చెయ్యి జేబులోకి పోలేదు. అక్క అద్దం దించింది.

"ఏమండీ."

"ఊఁ."

"ఇంజన్ ఆన్‌లో ఉంది. తుడవండి."

బావ గుడ్డ తీశాడు. గబగబా ముందద్దం, పక్కద్దాలు, చుట్టూ తిరిగి వెనకద్దం తుడిచాడు. అక్క లైట్లు వేసింది, అడగకుండానే బ్రేకు తొక్కింది. బావ వంగి రెండు వైపులా చూశాడు.

"అన్నీ వెలుగుతున్నాయి, వెళ్లు," అన్నాడు.